పేరులో దీర్ఘం

మొన్న ఆదివారం బందరు వెళ్లాను, అత్తవాళ్లింటికి. మా తమ్ముడి పెళ్లి పనులు మొదలయ్యాయి. పెట్టుపోతల చీరలెన్ని, వంటవాళ్లెవరు, విడిది ఎక్కడ, ఇవన్నీ తేలాలంటే అత్త ఉండాలి. మా ఇంట్లో ఏ శుభకార్యం వచ్చినా మొదటి ఫోన్ అత్తకే వెళ్తుంది.

భోజనాలయ్యాక మా మరదలు టీవీలో నెట్‌ఫ్లిక్స్ పెట్టింది. ‘ఆన్ విత్ యాన్ ఈ’. మీలో చాలామంది చూసే ఉంటారు. 2017 నుంచి 2019 దాకా మూడు సీజన్లు వచ్చింది. ఎర్రటి జడలు, ముఖం మీద మచ్చలు, క్షణం నోరు మూయని ఒక అనాథపిల్ల. అత్తకి ఇంగ్లిషు రాదు. మరదలు మధ్యమధ్యలో తెలుగులో చెబుతోంది. అత్త చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వింటోంది.

పిల్ల ఆ ఇంటికి వచ్చింది. తలుపు తీసిన పెద్దావిడ పిల్లని చూసి ముఖం చిట్లించింది.

“మగపిల్లాడు కావాలంటే ఆడపిల్లని పంపారేంటి అంటోందమ్మా ఆవిడ” అని చెప్పింది మరదలు.

అత్త చేతిలో కాయ ఆగిపోయింది.

“మీ నాయనమ్మా అంతే అంది” అంది నాతో.

“ఏమంది?”

“పెద్దపిల్లని పంపమంటే ఇంత చిన్నదాన్ని తెచ్చారేంటి అంది.”

మళ్లీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. నేను పుట్టి పెరిగిన ఇంటి గురించి, నాకు ముద్దలు కలిపి పెట్టిన నాయనమ్మ గురించి, ఇన్నేళ్లలో ఈ మాట నాతో ఎవరూ అనలేదు. ఈ వారం కాలమ్‌కి వేరే టాపిక్ అనుకున్నాను. అది పక్కన పెట్టేశాను.

బస్సు దిగిన పిల్ల

అత్త మా నాన్నకి తోడబుట్టిన చెల్లెలు కాదు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. తెలుసు కాబట్టి ఎవరం మాట్లాడుకోం.

కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య, సముద్రం దాకా ఉన్న నేల దివిసీమ. పేరులోనే దీవి ఉంది. 1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు సముద్రం లేచి ఊళ్ల మీదకి వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి.. ఈ పేర్లు అటువైపు పెద్దవాళ్ల దగ్గర ఎత్తితే ఇప్పటికీ మాట మధ్యలో ఆగిపోతుంది. బందరుకి ఇది కొత్త కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారని చరిత్ర. కానీ 1864 మనకి పుస్తకంలో ఉంది. 1977 మా ఇంట్లో ఉంది.

అప్పుడు అత్తకి తొమ్మిదేళ్లు. కోడూరు వైపు పల్లె. మూడో తరగతి. అమ్మ, నాన్న, చెల్లి, ముగ్గురూ పోయారు. ఆ రాత్రి సంగతి అత్త చెప్పదు. నేనెప్పుడూ అడగలేదు.

గుడివాడలో మా తాతయ్యకి వాళ్లు దూరపు చుట్టాలు. ఇంట్లో రెండు గేదెలు, నలుగురు మగపిల్లలు. నాయనమ్మకి నడుము నొప్పి. “పన్నెండు, పదమూడేళ్ల పిల్లయితే చేతి సాయంగా ఉంటుంది, మనకీ పుణ్యం” అని కబురు పంపారట. పుణ్యం, సాయం రెండూ ఒకే వాక్యంలో. గుడివాడ బస్టాండులో తొమ్మిదేళ్ల పిల్ల దిగింది, చేతిలో ఒక గుడ్డసంచి.

ఆన్ దిగింది రైల్లో. మా అత్త దిగింది బస్సులో. తేడా అంతే.

ఎందుకు తెచ్చుకుంటారు పిల్లల్ని?

సిరీస్ చూసినవాళ్లలో చాలామంది అసలు నవల చదివి ఉండరు. ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’. 1908లో వచ్చింది. రాసింది ఎల్.ఎం. మాంట్‌గోమరీ, కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ ఆవిడ. అదీ దీవే. ఆమెకి రెండేళ్లు కూడా నిండకుండా తల్లి క్షయతో పోయింది. తండ్రి అమ్మమ్మ, తాతల దగ్గర వదిలి వెళ్లిపోయాడు. నవల రాశాక పబ్లిషర్లు ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారు. విసుగొచ్చి టోపీలు పెట్టుకునే పెట్టెలో పడేసింది. తర్వాతెప్పుడో తీసి మళ్లీ పంపితే బోస్టన్‌లో అచ్చయింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆగకుండా అచ్చవుతూనే ఉంది.

కథ చిన్నదే. మాథ్యూ, మెరిల్లా అని పెళ్లి చేసుకోని అన్నాచెల్లెళ్లు. మాథ్యూకి అరవై వచ్చాయి, గుండె బాగుండదు. పొలం పనికి ఒక మగపిల్లాడు కావాలని అనాథాశ్రమానికి కబురు పెడతారు. కబురు తారుమారై పదకొండేళ్ల ఆన్ వస్తుంది. స్టేషన్‌లో ఒంటరిగా కూర్చుని ఉంటుంది. ఎవరూ రాకపోతే రాత్రికి ఏ చెట్టెక్కి పడుకోవాలో కూడా చూసి పెట్టుకుంటుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మగపిల్లాణ్ణి ఎందుకు అడిగారు? పెంచుకోవడానికి కాదు, పనికి. ఆ రోజుల్లో అదేం వింత కాదు. 1869 నుంచి 1930ల దాకా బ్రిటన్ నుంచి దాదాపు లక్షమంది పిల్లల్ని ఓడలెక్కించి కెనడా పంపారు. ఎక్కువమంది పొలాల్లో, ఇళ్లలో పనికి కుదిరారు. ఆన్ కూడా అంతకుముందు రెండిళ్లలో పసిపిల్లల్ని ఎత్తుకుని మోసింది. ఒక ఇంట్లో అయితే మూడు జతల కవలలు! మాంట్‌గోమరీ ఇదంతా నవ్విస్తూ చెబుతుంది కాబట్టి మనం నవ్వుతూ చదివేస్తాం. మూడు జతల కవలల్ని మోసింది పదేళ్ల పిల్ల అని వెంటనే తట్టదు.

మనవైపు దీనికి మెత్తటి మాటలున్నాయి. “మా ఇంట్లో పిల్లలా ఉంటుంది.” “కూతురితో సమానంగా చూసుకుంటాం.” ‘లా’, ‘సమానంగా’, ఈ రెండు మాటలు ఎందుకు అవసరమవుతున్నాయో మనమే ఆలోచించాలి. ఇప్పుడైతే చట్టాలున్నాయి. దత్తతకి పద్ధతి ఉంది. ఏ ఇంట్లోనైనా పిల్లతో పని చేయిస్తూ “పెంచుకుంటున్నాం” అంటే 1098కి ఫోన్ చేయొచ్చు. అది పిల్లల హెల్ప్‌లైన్. 1977లో మా పెరట్లో ఆ నంబరు లేదు.

అత్త పొద్దున్నే లేచి పేడకళ్లు తీసి, అంట్లు తోమి, అప్పుడు బడికి వెళ్లేది. ఏడో తరగతితో ఆపేశారు. మా నాన్న, చిన్నాన్నలు డిగ్రీలు చేశారు. ఈ రెండు వాక్యాలూ నాకు ఎప్పటి నుంచో తెలుసు. పక్కపక్కన పెట్టి రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

బావిలో చెల్లి

ఆన్ అనగానే అందరూ చెప్పే మాట, ‘భలే ఊహాశక్తి’. నిజమే. చెరువు కనిపిస్తే ఊరుకోదు, దానికో పేరు పెడుతుంది. పూలచెట్ల బాటకి ఇంకో పేరు. కిటికీలో కనిపించే చెర్రీ చెట్టుకీ పేరే. ఆ పేర్లు టీషర్టుల మీద కూడా వస్తున్నాయి ఇప్పుడు.

నాకు గుచ్చుకున్నది వేరే. ఆ పాత ఇళ్లలో ఉన్నప్పుడు ఆన్‌కి ఒక స్నేహితురాలు ఉండేది. పుస్తకాల బీరువా అద్దంలో తన నీడే. దానికి పేరు పెట్టి గంటలు గంటలు కబుర్లు చెప్పేది. ఇంకో ఇంటికి మారాక అద్దం లేదు. అక్కడ లోయలోకి అరిస్తే తిరిగొచ్చే తన గొంతే స్నేహితురాలయింది. మాట్లాడేవాళ్లు లేని పిల్ల తన నీడతో, తన గొంతుతో స్నేహం చేసింది.

ఈ సంగతి నేను అత్తకి చెప్పాను. అత్త నవ్వింది.

“నాకు బావిలో ఉండేదిగా.”

మా గుడివాడ ఇంటి పెరట్లో గిలకబావి ఉండేది. చిన్నప్పుడు అత్త మాకొక ఆట నేర్పింది. బావిలోకి వంగి “చెల్లీ, అన్నం తిన్నావా?” అనాలి. లోపలి నుంచి “తిన్నావా?” అని వస్తుంది. “తిన్నాను, నువ్వు?” అనాలి. మళ్లీ “నువ్వు?” అని వస్తుంది. మేం పడీ పడీ నవ్వేవాళ్లం. ‘బావిలో చెల్లి’ ఆట కోసం సెలవుల్లో పక్కింటి పిల్లలు కూడా వచ్చేవాళ్లు.

అది ఆట అనే అనుకున్నాం. ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్నాయి నాకు. మొన్న ఆదివారం దాకా అది ఆటే.

ఊహాశక్తి అంటే పిల్లలకి దేవుడిచ్చిన వరం అంటాం. క్రియేటివిటీ క్లాసులకి కూడా పంపుతున్నాం. కానీ ఇల్లు పోయిన పిల్లకి అది వరం కంటే ముందు అవసరం. అందరూ పోయిన చోట ఒకరినైనా మిగుల్చుకోవాలి. పరాయి ఊరిని తన ఊరు చేసుకోవాలి. పేరు పెట్టుకుంటే ఆ చెట్టు కాస్త నాది అవుతుంది.

ఇదేం పరదేశం కథ కాదు

మనకి ఇలాంటి హీరోయిన్ లేదా అంటే, ఉంది. పోయినేడు అత్తని అవనిగడ్డ తీసుకెళ్తూ దారిలో శ్రీకాకుళం గుడికి ఆగాం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళం. ఆంధ్ర మహావిష్ణువు గుడి. శ్రీకృష్ణదేవరాయలు దండయాత్ర దారిలో ఇక్కడ ఆగి ఏకాదశి ఉపవాసం ఉన్నాడట. ఆ రాత్రి కలలో స్వామి కనిపించి, నా పెళ్లి కథ తెలుగులో రాయి అన్నాడట. అదే ‘ఆముక్తమాల్యద’. తెలుగు భాషని పొగిడే ఆ ఫేమస్ మాట ఉన్న కావ్యమే.

ఆ పెళ్లికూతురు ఎవరు? గోదాదేవి. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడికి తులసివనంలో దొరికిన పసిపాప. అమ్మ ఎవరో, నాన్న ఎవరో తెలియదు. ఆ పిల్ల పెద్దయ్యాక ఏం చేసింది? తన ఊరే రేపల్లె అనుకుంది. స్నేహితురాళ్లే గోపికలు అనుకుంది. దేవుడి కోసం కట్టిన దండ ముందు తను వేసుకుని చూసుకుంది. ధనుర్మాసంలో ముప్పై రోజులు వినిపించే ముప్పై పాశురాల తిరుప్పావై ఆ ఊహలో నుంచి వచ్చిందే. దొరికిన పిల్లే సీత కూడా. నాగటి చాల్లో దొరికింది కాబట్టి ఆ పేరు.

గోద కథలో నాకు నచ్చేది విష్ణుచిత్తుడు. పిల్ల వేసుకున్న దండ అని తెలిసి మొదట భయపడ్డాడు, కోప్పడ్డాడు. తర్వాత ఆ దండే కావాలని స్వామి అన్నాక పిల్ల ఎవరో అర్థమైంది. దొరికినప్పుడు ఎత్తుకోవడం ఒక ఎత్తు. ఆ తర్వాత పిల్లని చూసి తను మారడం ఇంకో ఎత్తు.

ఆన్ కథ కూడా నిజానికి అదే. చాలామంది ‘ఆన్ తన ఊహలతో అందరి మనసులూ గెలుచుకుంది’ అని రివ్యూలు రాస్తారు. ఆ మాట నాకు ఇబ్బంది. అంటే గెలుచుకోలేని పిల్ల సంగతేంటి? ముద్దుగా మాట్లాడటం రాని పిల్ల, ఊరికే మూల కూర్చునే పిల్ల? నవల ఆ మాట అనదు. మొదటి రాత్రే మెరిల్లా, ఈ పిల్ల మనకేం ఉపయోగం అని అడుగుతుంది. మాథ్యూ నెమ్మదిగా, మనమే ఆ పిల్లకి ఉపయోగపడొచ్చు కదా అన్న అర్థం వచ్చేలా అంటాడు. మొత్తం నవల ఆ ఒక్క ప్రశ్న తిరగబడటంలో ఉంది. ఆన్ ఇంకా ఏమీ గెలవలేదు అప్పటికి.

మెరిల్లాకి మాత్రం చాలా టైమ్ పడుతుంది. పిన్నీ అని పిలవొచ్చా అని ఆన్ అడిగితే, నేను నీకు పిన్నిని కాదు కదా, పేరు పెట్టి పిలువు చాలు అంటుంది. చివరికి మాథ్యూ గుండె ఆగి పోయాక, ఆ పిల్ల తన సొంత రక్తం లాంటిదని మెరిల్లా నోరు విప్పి చెబుతుంది. చెప్పింది. అదీ గొప్ప. చాలా ఇళ్లలో ప్రేమ ఉంటుంది, చెప్పరు.

ఈ పుస్తకాన్ని గుండెకి హత్తుకున్న దేశం జపాన్. మురఓకా హనకో అనే ఆవిడ యుద్ధం రోజుల్లో, బాంబుల మధ్య, దీన్ని దాచుకుని దాచుకుని అనువదించింది. 1952లో అచ్చయింది. యుద్ధంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లలు ఎందరో ఉన్న దేశం. తమ కథే చదువుకున్నట్టు చదివారు. 1979లో యానిమే కూడా వచ్చింది. దివిసీమ ఉప్పెన తర్వాత మా అత్త చేతిలో అలాంటి పుస్తకం ఎవరూ పెట్టలేదు. తన కథ తనే కట్టుకుంది, బావిలోకి వంగి.

‘ఈ’ అనే అక్షరం

మా ఇంట్లో మాథ్యూ మా తాతయ్య. మాట్లాడేవాడు కాదు. ఒక సంక్రాంతికి నాయనమ్మ పిల్లలందరికీ మంచి గుడ్డ తీసి, అత్తకి చవక రకం తీసిందట. తాతయ్య ఏమీ అనలేదు. సైకిలేసుకుని కొట్టుకి వెళ్లి, పట్టు అంచు పరికిణీ గుడ్డ తెచ్చి అత్త చేతిలో పెట్టి, మళ్లీ పొలం వెళ్లిపోయాడు. “ఆ పరికిణీ ఇప్పటికీ ఉంది, చూస్తావా?” అంది అత్త. ట్రంకుపెట్టెలో అడుగున ఉంది. మడతల దగ్గర చిరిగిపోయింది.

నాయనమ్మ చెడ్డది కాదు. అత్తకి టైఫాయిడ్ వస్తే పదిహేను రాత్రులు పక్కన కూర్చుంది. పెళ్లి చేసింది, బందరు సంబంధం. పురుళ్లు పోసింది. చివరి రోజుల్లో నాయనమ్మకి స్నానం చేయించింది కూడా అత్తే. అయినా అత్త ఆవిడని చివరిదాకా “పెద్దమ్మగారూ” అనే పిలిచింది. ఆ ‘గారు’ ఎవరూ తీసేయమనలేదు.

ఆన్ తన పేరు ఎవరికైనా చెప్పేటప్పుడు ఒక షరతు పెడుతుంది, చివర ‘ఈ’ అక్షరంతో పలకాలి అని. పలికితే తేడా వినపడదు. కానీ అక్షరం ఉంటే పేరు నిండుగా కనిపిస్తుందట. మరదలు ఇది చెప్పగానే అత్త తల ఊపింది.

“నా పేరులో కూడా దీర్ఘం పోయింది. బళ్లో చేర్పించినప్పుడు దీర్ఘం లేకుండా రాశారు. అదే రేషన్ కార్డు, అదే ఆధార్. మా నాన్న దీర్ఘం పెట్టి పిలిచేవాడు.”

అదే సమయానికి నాన్న నుంచి వాట్సాప్‌లో శుభలేఖ ప్రూఫ్ వచ్చింది. అత్తకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని కిందదాకా చదివింది. “బాగుంది. ముహూర్తం అక్షరాలు ఇంకాస్త పెద్దవి పెట్టించు” అని ఫోన్ ఇచ్చేసింది.

సాయంత్రం రైల్లో గుడివాడ వస్తూ మళ్లీ తీశాను. ఆహ్వానించేవాళ్లలో చిన్నాన్నలున్నారు, పిన్నమ్మలున్నారు, అమ్మవైపు మేనమామలున్నారు. మేనత్త లేదు. పీడీఎఫ్ జూమ్ చేసి చూశాను. లేదు. అత్త కిందదాకా చదివి బాగుంది అంది.

ఇంటికొచ్చి నాన్నకి చూపించాను. నాన్న చాలాసేపు ఆ స్క్రీన్ వంక చూశాడు. “పాత శుభలేఖ చూసి రాసిచ్చానమ్మా. అందులోనూ లేదు” అన్నాడు. అంటే నాన్న పెళ్లి శుభలేఖలో కూడా లేదన్నమాట. కాసేపటికి ప్రెస్సు అతనికి తనే ఫోన్ చేసి, మేనత్త, మామయ్య అని ఒక లైను పైన కలపమన్నాడు. పైన అని రెండుసార్లు చెప్పాడు.

కొత్త ప్రూఫ్ రాగానే అత్తకి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాలు జవాబు లేదు. తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు మామూలుగానే ఉంది.

“దీర్ఘం మర్చిపోయారు. పెట్టించమ్మా.”